చేపల బేరానికో కెమెరా

మా ఇంట్లో ఒక కెమెరా ఉంది. అది చేపలు కొనడానికి. పెళ్ళికి తీసుకుపోం, కోవెలకు తీసుకుపోం, సముద్రపు ఒడ్డున నిలబడి సూర్యుణ్ణి తీయం. ఆదివారం పొద్దున సంచీలో వేసుకుని మా ఊరి తేంగాయితిట్టు చేపల రేవుకు పోతాం. ఈ మాట చెబితే నవ్వనివాళ్ళను నేనింకా చూడలేదు. నవ్వితే నవ్వనీ. పులుసు తినేది మేము, వాళ్ళు కాదు.

అక్క అని నేను రాసేది నా తోడికోడలిని. నాకంటే పెద్దది, నాకంటే ముందు ఆ ఇంటికి కోడలై వచ్చింది. కాలాపేట దగ్గర మాకు సేద్యం ఉన్నప్పుడు ఇంటి పనులు ఇద్దరమూ పంచుకున్నాం. బర్రెలు నావి, చేపలు ఆమెవి. పంచుకున్నామంటే కూర్చుని మాట్లాడుకుని కాదు. ఆమె దగ్గరికి పోతే బర్రె తన్నేది. నేను చేపలు కొనుక్కొస్తే మా అత్త తిట్టేది. అట్లా తేలిపోయింది. తర్వాత పొలం అమ్మేశాం, మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. ఇప్పుడు కోసపాళయంలో నా కొడుకు ఇంట్లో ఇద్దరం ఒకే గదిలో పడుకుంటాం. రోజూ పోట్లాడుకుంటాం. పోట్లాట లేని రోజు నాకు అన్నం సయించదు.

చేపల దగ్గర అక్కను చూడాలి. రేవులో వేలంపాట అయిపోయాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని, తట్టల్లో ఐసు పోసి అమ్ముతారు. అక్క ఆ వరస ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి ఊరికే నడుస్తుంది. ఏదీ తాకదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో తట్ట దగ్గర ఆగి, చేప చెంప బొటనవేలితో ఎత్తి మొప్పలు చూస్తుంది, కన్ను చూస్తుంది, వదిలేస్తుంది. "వద్దు." అంతే మాట. ఎందుకు వద్దో చెప్పదు. అమ్మే ఆమె ఎంత అరిచినా వెనక్కి తిరగదు. ఆ వద్దు అనే మాటలో ఆమె నడుము నిటారుగా నిలబడేది. ఇంట్లో పెద్దకోడలిగా ఆమె ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. రేవులో మాత్రం ఊరందరికీ ఎదురు చెప్పేది.

ఆమె కంటి చూపు పోతున్నదని మాకు ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వలేదు. నేను గమనించింది ఒక చిన్న విషయంతో. నా కోడలు కొత్త కమ్మలు పెట్టుకున్న రోజు, అక్క ఆమెను చూసి "రా అమ్మా, కూర్చో, ఎవరింటి పిల్లవి?" అంది. కోడలు తమాషా అనుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరొచ్చినా ఆమె చూసేది చెవుల వైపని అప్పుడు తట్టింది. తర్వాత కంటి డాక్టరు చెప్పింది కూడా అదే. కంటి వెనక తెర నడిమధ్యలో అరిగిపోయిందట. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా చూడాలనుకున్న చోట మాత్రం మసక. మొహం ఉండాల్సిన చోట పొగ, ఆ పొగకు అటూ ఇటూ కమ్మలు. అది బాగయ్యేది కాదు, ఇంకా చెడకుండా చూసుకోవాలి అన్నది డాక్టరు.

డాక్టరు దగ్గరికి పోకముందే రేవులో జరగాల్సింది జరిగింది. ఆ ఆదివారం అక్క ఒక వంజరం చేప తెచ్చింది. తానే ఎంచింది, తానే మోసుకొచ్చింది. కోడలు పొట్ట కోయగానే పెరడంతా కంపు. కోడలు మంచిది, నోరెత్తలేదు. గోడ మీదున్న పిల్లికి వేసి, చేతులు కడుక్కుని, రసం పెట్టింది. నేనూ నోరెత్తలేదు. కొడుకు కూడా చేప ఏదని అడగకుండా రసంతో తిని లేచాడు. మేం ముగ్గురం అంత మర్యాదగా ఉన్నాం కాబట్టే అక్కకు అర్థమైపోయింది. ఎవరైనా ఒకరు తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఆదివారం నేను సంచీ తీస్తే, "నువ్వే పోవే" అంది.

"నాకేం తెలుసు చేపలు?"

"ఏదో ఒకటి తే. అన్నీ ఒకటే గదా."

అన్నీ ఒకటే అని ఆ నోటి నుంచి వినాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆమె దేనికీ వద్దు అనలేదు. ఉప్పు ఎక్కువైనా తిన్నది. గాలి ఆడని మూల మంచం వేస్తే పడుకున్నది. తెల్లగడ్డలు ఒలిచే పని ఇవ్వమని అడిగి, గుమ్మం దగ్గర కూర్చుని రోజంతా ఒలిచేది. మా ఇంట్లో అన్ని తెల్లగడ్డలు ఎవరు తింటారు? నాకు కావలసింది మా ఇంటి పెద్దకోడలు. ఇక్కడ కూర్చున్నది ఎవరో ఒద్దికైన ముసలమ్మ. చేప ఎంచడం తిరిగి రాకపోతే ఆమె మిగతాది కూడా తిరిగి రాదని నాకు తెలిసిపోయింది.

చూపు లేకపోతే ముక్కు లేదా, చేయి లేదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. రేవులో ముక్కు పనిచేయదు, గాలంతా చేపే. చేయీ పనిచేయదు, ఐసులో పెడితే ఎంత పాత చేపైనా వేలికి గట్టిగానే తగులుతుంది. కన్నే కావాలి. మొప్పల ఎరుపు నెత్తురు ఎరుపా, ఇటుక ఎరుపా, అది చూడాలి. డాక్టరు ఇచ్చిన భూతద్దం పెట్టి చూడాలంటే ముక్కు చేపకు ఆనించాలి. ఆనిస్తే తల నీడ పడి ఆ ఎరుపూ నలుపవుతుంది.

దారి చూపింది వంకాయ. ఒకరోజు కోడలు కూర తరుగుతూ, తన ఫోనులో వంకాయను ఊరికే ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి అక్క చేతిలో పెట్టింది. అక్క ఫోనును ఎడమ పక్కకు జరుపుకుంది, మెడ కొంచెం తిప్పింది, ఓరకంట చూసింది.

"పురుగుండాది" అంది.

కోడలు కోసింది. పురుగుంది.

నేను ఆ పూటే గంతులేశాను. కానీ ఫోను మా పనికి రాలేదు. తర్వాతి ఆదివారం నేను తెచ్చిన చేపను పెరట్లో పెట్టి అక్క చేతికి ఫోను ఇచ్చాం. తడి వేలు తగిలితే బొమ్మ పక్కకు పోతుంది. ఆరిన వేలు తగిలితే కదలదు, అక్క వేళ్ళు నున్నగా అరిగిపోయాయి, ఫోను వాటిని వేళ్ళుగా లెక్కపెట్టదు. నొక్కగా నొక్కగా అది కోడలి ఆఫీసులో పెద్దాయనకు వీడియో కాల్ చేసింది. ఆదివారం పొద్దున ఆ పెద్దమనిషి కళ్ళు నులుముకుంటూ ఫోను ఎత్తి మా చేప మొప్పలు చూశాడు. కోడలు లాక్కుని క్షమాపణ చెబుతుంటే, అక్క "ఎవరే అది, మాట్లాడిందా చేప?" అంది. చాన్నాళ్ళకు ఆమె వేసిన ఎకసెక్కెం అది. నాకు ఆశ పుట్టింది.

"అత్తా, బొత్తాలుండే కెమెరా అయితే సరిపోద్దేమో" అంది కోడలు.

సరే, కెమెరాల కడకు పోయాం, నేనూ కోడలూ. కడ అంటే మా వైపు అంగడి. పెద్ద కడ. లోపల చలి. గాజు బల్ల వెనక ఉన్న ఆమె నా కోడలి ఈడుదే, నవ్వు మొహం. ఆమె మాట్లాడింది తమిళం, నేను రాసేది తెలుగు.

"ఏం తీయడానికమ్మా కెమెరా? టూర్లకా, మనవళ్ళనా, పిట్టలనా?"

"చేపలను."

"ఓ, నీళ్ళ లోపలా?"

"తట్టలో."

ఆమె నా కోడలి వైపు చూసింది. కోడలు నేల వైపు చూసింది.

ముందు ఒక పెద్దది తీసింది, మూతి ముందుకు పొడుచుకొచ్చింది. బీచి రోడ్డులో నిలబడి నడిసముద్రంలో పడవ మీద మనిషి మీసం తీయవచ్చట. ఎత్తి చూశాను, తిరగలి రాయంత బరువు. "మాకు మీసాలతో పనిలేదు, మూరెడు దూరంలో ఉండే మొప్పలు చాలు" అన్నాను. పక్కనే అట్టపెట్టెల మీద ఏవేవో రాసి ఉన్నాయి. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడడమేగానీ చదివేవాళ్ళు తక్కువ. నెల్లూరు వైపు నుంచి కోడలు వచ్చి మధ్యాహ్నాలు పలక మీద దిద్దించింది. ఆ వచ్చిన అక్షరాలు ఏ పెట్టె మీదా లేవు. ఉన్నా లాభం లేదు. పెట్టె మీద రాసింది పెట్టె చేసినవాడి మాట. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే పోయాను.

"అమ్మాయ్, మేం బర్రెను కొనేటప్పుడు అమ్మేవాళ్ళ ఇంటికి సాయంత్రం పోయి పాలు పిండుతాం. మళ్ళీ పొద్దున పోయి పిండుతాం. కొమ్ములు చూసి కొనం. నీ కెమెరాను కూడా పిండి చూడాలి."

ఆమె నవ్వు ఆపుకుంటూ "పిండండమ్మా" అంది.

"పిండేది నేను కాదు. మా అక్క."

అక్కను కదిలించడం కెమెరా ఎంచడం కంటే కష్టమైంది.

"పోయే కళ్ళకు కెమెరా ఏంది? ఊరు నవ్వద్దా?"

"ఊరికి పనేమీ లేదా అక్కా? నీకు రావాలని లేకపోతే చెప్పు, చేపలు ఇకమీద నేనే ఎంచుతా. నిన్న తెచ్చిన సంకరా చేప బాగుండాది గదా?"

"అది చేపా? చెప్పు అట్ట!"

"మరి తింటివే?"

"పెడితే తింటిని. యాడ ఉండాదో ఆ కడ, పదవే."

వెళ్ళే ముందు ఆమె ఒక షరతు పెట్టింది. కడలో పిండి చూడాలంటే చేప కావాలి కదా, ఒకటి కాదు, రెండు కావాలంది. ఒకటి ఆ పొద్దు రేవులో దిగింది, ఇంకొకటి పాతది. "పక్కన చెడింది లేకుంటే మంచిదాన్ని మంచిదని ఎట్ట చెప్పేది?" న్యాయమే. పాత చేపను అడిగి కొన్నదాన్ని ఆ రేవులో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అమ్మిన ఆమె దండం పెట్టి ఇచ్చింది. రెండింటినీ అరిటాకుల్లో చుట్టి, మూత ఉన్న తూక్కు గిన్నెలో పెట్టి, ఆటో ఎక్కి ఆ చల్లటి కడకు పోయాం. నేను చేసిన తప్పు ఏమిటంటే, ఎండలో పోయే తూక్కు వేరు, చలిగదిలో తెరిచే తూక్కు వేరని ఆలోచించకపోవడం. మూత తీయగానే కడలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి మా వైపు తిరిగారు. ఒకాయన చేతిలో ఉన్న కెమెరాను బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు.

కడ ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కానీ పొమ్మనలేదు. "మా ఇంట్లోనూ ఆదివారం ఇదే గొడవ పాటీ, తొందరగా చూసేయండి" అని, మమ్మల్ని అవ్వలను చేసి, బల్ల మీద ప్లాస్టిక్ కాగితం పరిచింది. ఆ ఒక్క కాగితానికే ఆమెకు పుణ్యం.

రెండు చేపల చెంపలూ నేనెత్తి పట్టుకున్నాను. అక్క కెమెరా పట్టుకుంది. అది సగటు సైజుది, ఖరీదైనదే, తెర వెలుగుతూ ఉంది. తీసింది, పెద్దది చేయించుకుంది, పక్కకు జరుపుకుని ఓరగా చూసింది. మళ్ళీ చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"రెండూ తాజాగానే ఉండాయే" అంది మెల్లగా. "నా కన్ను ఇంక దేనికీ రాదు. పద పోదాం."

నేను తొంగిచూశాను. నిజమే! ఇటుక రంగులో ఉన్న పాత చేప మొప్పలు ఆ తెర మీద మందారపువ్వులా మెరుస్తున్నాయి. కిందికి చూస్తే ఇటుక, తెర చూస్తే మందారం. నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా.

"అక్కా, ఆగు. నీ కన్ను కాదు. ఇది అబద్ధం చెబుతా ఉండాది!"

కడ ఆమె కూడా తొంగిచూసింది. చూసి నాలుక కరుచుకుంది. తినే వస్తువును ఎదుట పెడితే కెమెరా దానంతట అదే కనిపెట్టి, రంగు పెంచి, నోరూరేటట్టు చూపిస్తుందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం మొదలై మధ్యలోనే ఆగిపోయింది. జనానికి అదే కావాలట. మొహాలకూ అంతే, ముడతలు తీసేసి ఒలిచిన గుడ్డులా చూపిస్తుందట.

"అమ్మాయ్, పాలలో నీళ్ళు కలపడం చూశాను. కంటిలో కలపడం ఇప్పుడే చూస్తున్నా" అన్నాను. "మాకు అందంగా చూపించేది వద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించేది తే. వికారంగా ఉంటే వికారంగా చూపించాలి."

"అట్లా అడిగినవాళ్ళు మీరే మొదలు" అంది ఆమె. కానీ అప్పటి నుంచి ఆ పిల్లకు కూడా పట్టుదల వచ్చింది. ముక్కు మీది కొంగు తీసేసింది. ఏవేవో తీసింది, పెట్టింది. తెర మీద వేలు పెట్టేవి వద్దన్నాను. చిన్న చిన్న బొత్తాలవి అక్క వద్దంది. నీళ్ళు పడితే పాడయ్యేవి కోడలు వద్దంటుందని చెప్పాను. చివరికి అడుగున ఎక్కడో ఉన్న ఒకదాన్ని తీసుకొచ్చింది. సబ్బుబిళ్ళ కంటే కాస్త పెద్దది, చుట్టూ రబ్బరు తొడుగు. నీళ్ళలో ముంచవచ్చు, చెయ్యి జారి పడినా పగలదు, దగ్గరి వస్తువును బాగా తీస్తుంది, బొత్తాలు వేలికి తగులుతాయి. పైన చిన్న మీట ఉంది, పక్కకు తోస్తే తీసిన బొమ్మ పెద్దదవుతుంది. చూడ్డానికి ఏమీ బాగుండదు, ఎవరూ అడగరు అంది.

"రంగు?"

"కలపకుండా పెడతాను పాటీ" అని లోపల ఏదో మార్చి, ఇక దానంతట అది మారదని చూపించింది.

అక్క తీసింది. మీట తోసింది. ఓరకంట చూసింది. వేలు చాచి, ప్లాస్టిక్ కాగితం మీద ఉన్న పాత చేపను తన దగ్గర్నుంచి దూరంగా తోసేసింది.

ఆ తోపుతో బేరం అయిపోయింది. మంచి చేపను కడ ఆమెకే ఇచ్చి రావాలని నాకు అనిపించింది, ఇచ్చాను. వద్దు వద్దంటూనే తీసుకుని, లోపలి గదిలో మజ్జిగ సీసా పక్కన దాచుకుంది.

ఇంట్లో ఒక వారం సాధన జరిగింది. బొమ్మ చూపించే బొత్తాం చేతికి తెలియాలని కోడలు దాని మీద గోళ్ళ రంగు చుక్క పెట్టి ఆరబెట్టింది. అక్క కూరగాయలన్నీ తీసింది. బియ్యంలో రాళ్ళు తీసింది. నేను నిద్రపోతుంటే నన్ను తీసి, "నోరు ఎంత పెద్దదిగా తెరుస్తావే, ఈగలు కాపురం పెట్టొచ్చు" అంది. తెల్లగడ్డల బుట్ట మూలకు పోయింది.

ఆదివారం రేవుకు పోయాం. ఆటోలో ఆమె చేయి నా చేతి మీద ఉంది. "అందరి ముందర తప్పు చెబితే?" అంది ఒకసారి. ఏం చెప్పినా అబద్ధమయ్యేది, సంచీలో కెమెరా ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

మొదటి తట్ట దగ్గరే దెబ్బ తగిలింది. అక్క తీసింది, చూసింది, ఏమీ కనపడలేదంది. కడలో నీడ, ఇక్కడ ఎండ. ఎండకు తెర అద్దంలా మెరిసి, లోపల బొమ్మ ఉందో లేదో తెలియలేదు. ఇంత చూసి, ఇంత పిండి, ఎండను మరిచిపోయాం! కడ లోపల కెమెరా కొనేవాళ్ళెవరూ ఒక్కసారి బయటికి వచ్చి ఎండలో చూడకుండా కొనవద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. నేను తల పట్టుకున్నాను. అక్క కొంగు విప్పి, తల మీంచి కెమెరా మీదికి మొత్తంగా కప్పుకుని, ఆ గుడారం లోపలికి దూరింది. పాతకాలం స్టూడియోల్లో ఫోటో తీసేవాడు నల్లగుడ్డలో దూరినట్టు.

తట్ట ఆమె మాకు పాతకాపే. "ఏందక్కా, ఇన్నాళ్ళకు వచ్చి ముసుగేసుకున్నావు? నా చేపకు సిగ్గా, నీకు సిగ్గా?" అని అరిచింది. ఆ వరసంతా నవ్వింది.

ముసుగు లోపలి నుంచి వచ్చింది మాట. "వద్దు."

"ఏంది వద్దు? ఇప్పుడే పడవ దిగింది!"

"నువ్వు దిగినావేమో. చేప నిన్ననే దిగింది."

వరస ఇంకా గట్టిగా నవ్వింది, ఈసారి తట్ట ఆమెను చూసి. ఆమె కోపం తెచ్చుకోలేదు. రెండు చేతులూ చాచి, "సరే తల్లీ, నన్ను కూడా ఒకటి తీసి చూడు, నేనన్నా తాజాగా ఉండానేమో" అంది. అక్క ముసుగు తీసి, ఆమెకు దగ్గరగా కెమెరా పెట్టి నొక్కి, మళ్ళీ లోపలికి దూరింది. మీట తోసిన చప్పుడు వినిపించింది. చాలాసేపు బయటికి రాలేదు. ఏళ్ళ తరబడి ఎవరి దగ్గర బేరం చేసిందో ఆమె మొహం అక్క చూసి ఎంత కాలమైందో నాకు తెలుసు.

"ముక్కుపుడక ఎప్పుడు మార్చినావే?" అంది లోపలి నుంచే.

"ఎప్పుడో మార్చినాను అక్కా. చెప్పలేదని కోపమా?"

"వెంట్రుకలంతా నెరిసిపోయినాయి. రంగన్నా వేసుకో" అంది అక్క. తట్ట ఆమెకు ఏం అర్థమైందో, లేచి వచ్చి అక్క చెంపలు పట్టుకుని, చేప నీళ్ళు కారే చేతుల్తో ఒకసారి నొక్కి పోయి కూర్చుంది.

తర్వాత వరసంతా నడిచాం. ప్రతి తట్టా. ముసుగు, నొక్కుడు, మీట, వద్దు. వంజరం వద్దు, చందువ వద్దు. నెత్తళ్ళు కళ్ళు లోపలికి పోయాయి, వద్దు. ముందు నాకు పండగ్గా ఉంది. సగం వరస అయ్యేసరికి మోకాళ్ళు లాగాయి. ఎండెక్కింది. కాఫీ కూడా తాగి రాలేదు.

"అక్కా, ఆ చివరి వంజరం బాగానే ఉండాదే, నేను చూస్తినే."

"నీకు కళ్ళుండీ ఏం లాభమే? బర్రెల్ని చూసుకో పో."

"ఇప్పుడు బర్రెలు యాడుండాయి?"

"నా వెనకాల ఒకటి నడస్తా ఉండాది."

అది విని చేపలమ్మే ఆమె ఒకతి ఐసు చేతిలోంచి జారవిడిచి నవ్వింది. నేను మూతి ముడుచుకున్నాను, కానీ కడుపులో చల్లగా ఉంది.

వరస చివరికి పోయి, వెనక్కి తిరిగి, ఖాళీ సంచీతో ఆటో ఎక్కాం. దారిపొడుగునా ఆమె ఆ రేవును తిట్టింది. ఐసు వచ్చాక చేపల మర్యాద పోయిందంది. ఇంటి దగ్గర కోడలు మసాలా నూరి, చింతపండు పిసికి, చట్టి పొయ్యి మీద పెట్టి కూర్చుని ఉంది.

"చేప యాడ పెద్దత్తా?"

"లేదు."

"మార్కెట్ లేదా?"

"మార్కెట్ ఉండాది. చేప లేదు."

"అంత పెద్ద రేవులో ఒక్కటి కూడానా?" అని కోడలు నా వైపు చూసింది. నేను మసాలా వైపు చూశాను. ఆకలితో ప్రాణం పోతోంది, అయినా నవ్వు ఆగలేదు. కోడలు కూడా అర్థం చేసుకుని, లేచి, కోడిగుడ్లు ఉడకబెట్టి ఆ పులుసులో వేసింది.

అక్క ఒక ముద్ద తిని కంచం కొంచెం ముందుకు జరిపింది.

"పులుపు చాలలేదు. ఇంకొంచెం పిసుకు" అంది. "రేపటి నుంచి ఆ మంచం కూడా కిటికీ కిందికి మార్చండి. ఆ మూలలో మనిషి పడుకుంటాడా?"